కంభం చెరువు మీద తొండం

నంద్యాలలో గాబ్రియేలు ఫోటో స్టూడియోకు పేరు తెచ్చింది కెమెరా కాదు, పెన్సిలు. నెగటివు గాజుపలకను కిటికీ వెలుతురుకు ఆనించి పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలు మొనతో చుక్క చుక్కగా అద్ది, ముఖాల మీది అమ్మవారి మచ్చలు మాయం చేసేవాడు. చనిపోయిన భర్త పాత ఫోటో తెచ్చిస్తే, భార్య పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. ఎక్కడ అతికించాడో ఎవరికీ తెలిసేది కాదు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. మనిషి లేని ఫోటో మాత్రం అతను ఒక్కటి కూడా తీయలేదు. తీయాలని తోచలేదు, తీయమని అడిగినవాళ్లూ లేరు.

1954 అక్టోబరులో కంభం హైస్కూలు వాళ్లు తరగతుల గ్రూపు ఫోటోలు తీయడానికి రమ్మని కబురు పెట్టారు. గాబ్రియేలు టేకు కెమెరా, ముక్కాలి స్టాండు, నల్లగుడ్డ, ఆరు ప్లేట్లు సర్దుకుని పొద్దుటి రైలు దిగాడు. అయిదు తరగతులకు అయిదు ప్లేట్లు అయిపోయాయి. ఒకటి మిగిలింది. తిరుగు రైలు సాయంత్రానికి గాని లేదు. అన్నం పెట్టిన హెడ్మాస్టరు, "ఊరికే స్టేషన్లో కూచోని ఏం చేస్తావప్పా, చెరువు నిండింది, చూసి రా" అని జట్కా మాట్లాడి పంపించాడు.

రెండు కొండల మధ్య కట్టిన ఆ కట్ట చూడటానికి చిన్నదే. దాని వెనక నీళ్లు మాత్రం కంటికి ఆనినంత మేర ఉన్నాయి. నంద్యాల ఎండలో పుట్టి పెరిగిన గాబ్రియేలుకు అంత నీరు ఒకేచోట చూడటం కొత్త. అవతలి ఒడ్డు మీద మబ్బు పేరుకుంటోంది. పైన దూదిలా తెల్లగా, కింద మాత్రం కత్తితో కోసినట్లు సాపుగా, నల్లగా ఉంది. ఇటు పక్క ఎండ ఇంకా కాస్తూనే ఉంది. ఆ ఎండా ఆ నలుపూ పక్కపక్కన ఎలా పడతాయో చూద్దామని, ఫోటో తీసే ఉద్దేశం పెద్దగా లేకుండానే, కట్ట మీద ఒక బండరాయి పక్కన స్టాండు నిలబెట్టాడు.

"ఏమప్పా, చెరువు కొలిచేకి వచ్చినావా?"

వెనక్కి తిరిగి చూస్తే యాభై దాటిన మనిషి, నడుముకు చెంగు దోపుకొని, చేతిలో ఇనప కడ్డీతో నిలబడి ఉంది.

"లేదక్కా. నేను ఫోటోలు తీసేవాణ్ణి."

"ఈడ మనుషులు యాడుండారు, పోటో తీసేకి?"

ఆమె పేరు ఈరక్క. భర్త ఆ చెరువు నీరుగంటి. తూములు తెరిచి, మూసి, కాలువలకు నీళ్లు వదిలే పని. అతని కళ్లకు పొర కమ్మి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి పేరు అతనిది, పని ఈమెది. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి తూము రాతి మీది గాట్లలో నీళ్లు ఎన్నో గాటు దగ్గర ఉన్నాయో చూసి, చెరువు మేస్త్రీకి చెప్పడం మాత్రం మొదటి నుంచీ ఆమె పనే.

ఈరక్క కెమెరా చుట్టూ ఒకసారి తిరిగింది. నల్లగుడ్డ కింద ఏముందని అడిగింది. గాబ్రియేలు గుడ్డ ఎత్తి చూడమన్నాడు. ఆమె తల లోపల పెట్టి చాలాసేపు బయటకు తీయలేదు.

"చెరువు తలకిందులుగా ఉండాది" అంది లోపలి నుంచే. "నీల్లు పైన, మబ్బు కింద. ఎందుకట్ల?"

"అద్దంలో అట్లనే కనపడుతుందక్కా. తర్వాత మేము తిప్పుకుంటాం."

"అది సరేలే. ఎందుకట్ల అని అడుగుతాండా."

గాబ్రియేలు పద్దెనిమిదేళ్లుగా పెళ్లికొడుకులను, తాసిల్దార్లను తలకిందులుగానే చూస్తున్నాడు గాని, ఎందుకని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ మాటే ఆమెతో అన్నాడు. ఈరక్క తల బయటికి తీసి, అతని వైపు కొంచెం జాలిగా చూసింది.

అంతలో గాలి ఆగిపోయింది. అంతవరకు కట్టకు కొట్టుకుంటున్న చిన్న అలలు కూడా పడిపోయాయి. మబ్బు అడుగున ఒకచోట సంచి సాగినట్లు సాగి, కిందికి వేలాడసాగింది. మొదట గాబ్రియేలు దాన్ని వాన తెర అనుకున్నాడు. కాని వాన తెరకు అంచులుండవు. దీనికి ఉన్నాయి. అది కొనకు వచ్చేసరికి సన్నబడుతూ, ఏదో వెతుకుతున్నట్లు మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.

"తొండం" అంది ఈరక్క చాలా మామూలుగా. "ఏనుగు తొండం. మా అత్త చెప్తా ఉండె. నేను చూసేది ఇదే మొదలు."

గాబ్రియేలు నల్లగుడ్డ కిందికి దూరి, కెమెరాను నిలువుకు తిప్పి, బిగించి, ఉన్న ఒక్క ప్లేటును వెనక తొడిగాడు. ప్లేటు తొడిగాక ఇక అద్దంలో ఏమీ కనిపించదు. షట్టరు తాడు పట్టుకొని తల ఎత్తేసరికి తొండం సగం దాకా దిగి ఉంది. ఎండ సూటిగా పడి, నల్లమబ్బు ముందు అది సున్నం వేసినట్లు తెల్లగా మెరుస్తోంది. తీసేద్దామనుకున్నాడు.

"ఉండప్పా" అంది ఈరక్క. "ఇంకా తాకలే. కింద చూడు, నీల్లు ఇంకా లేయలే."

అతను ఆగాడు. కింద చెరువు మీద గుండ్రటి నల్ల మచ్చ ఏర్పడింది. దాని అంచుల్లో నీళ్లు పొగలా లేచాయి. తొండం కొన ఆ పొగలోకి దిగి అతుక్కుంది. మబ్బు నుంచి నీటి దాకా ఒకే తెల్లటి గీత.

"ఇప్పుడు" అంది ఆమె.

గాబ్రియేలు తాడు లాగాడు. షట్టరు చిన్నగా టక్కుమంది.

మరో నాలుగైదు నిమిషాలు అది నిలిచింది. తర్వాత నడుము దగ్గర సన్నబడి, తెగి, కింది ముక్క నీళ్ల మీద చెదిరిపోయింది. పైముక్క మబ్బులోకి ముడుచుకుపోయింది. చల్లటి గాలి ఒక్కసారిగా కొట్టి, పెద్ద చినుకులు పడ్డాయి. గాబ్రియేలు తన చొక్కా విప్పి కెమెరాకు కప్పాడు.

వాన వెలిశాక మహానంది అనేవాడి తెప్ప ఒడ్డుకు వచ్చింది. అతను ఆ చెరువులో చేపలు పట్టే బెస్తవాడు. చలికో భయానికో పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఈరక్కా, నా వల గుంజల మీదనే దిగినాది" అన్నాడు. "ఏడు గుంజలు పాతినా గదా, నడిమిది పెరుక్కపోయినాది. నేను యాభై బారల దూరంలో ఉండా. తెప్ప మీద బోర్లా పడుకొని, తెడ్డు కరుచుకున్యా. నీల్లు పైకి పీలుస్తాంటే నా కండ్లారా చూసినా."

ఈరక్క తూము దగ్గరికి దిగింది. వంగి, రాతి మీద చెయ్యి పెట్టి చూసి, పైకి వచ్చింది.

"పొద్దున పదకొండో గాటు. ఇప్పుడూ పదకొండో గాటే. వెంట్రుక మందం దిగలే. పీలిస్తే యాడికి పోయినాయి నీల్లు?"

"అంత చెరువులో ఏనుగు తాగితే తెలుస్తాదా?" అన్నాడు మహానంది.

"అంత తొండం ఉండే ఏనుగుకు తెలీకుండా ఎట్లుంటాది?" అంది ఈరక్క.

జట్కావాడు రైలు పోతుందని తొందర పెడుతుంటే గాబ్రియేలు బయలుదేరాడు. దారి పొడుగునా ప్లేటు ఉన్న చెక్క స్లైడును ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున చీకటిగదిలో, ఎర్రదీపం ముందు, మందునీళ్ల పళ్లెంలో ప్లేటును ఊపాడు. నెగటివు కాబట్టి మబ్బు తేటగా ఉండిపోయి, దాని మధ్య తొండం నల్లగీతగా పైకి తేలింది. కాగితం మీద అచ్చు వేసినప్పుడు, నల్లటి మబ్బు మీద తెల్లగా, నిటారుగా నిలబడింది. ముందు ఎండిన చెట్టు మోడులు రెండు, వాటి వెనక వల గుంజలు గీతల్లా కనిపించాయి. గాబ్రియేలు ఆ బొమ్మను పెద్దది చేసి, స్టూడియో ముందు గదిలో వేలాడదీశాడు.

వారం రోజుల్లో నంద్యాలలో సగం మంది చూశారు. ఒక్కరూ నమ్మలేదు.

"పెన్సిలు పని బాగా కుదిరిందప్పా" అన్నాడు బట్టల షావుకారు. ఫోటో తీయించుకోవడానికి వచ్చిన రిటైర్డు గుమాస్తా ఒకాయన బొమ్మ దగ్గరికి వెళ్లి కళ్లద్దాలు సవరించుకుని, గీత ఎక్కడ మొదలైందో వెతికాడు. "ఇంకొంచెం వంకరగా గీసి ఉంటే నిజంగా ఏనుగు తొండమే అనుకుందురు" అని సలహా చెప్పాడు. ఎవరి మాటలోనూ వెక్కిరింత లేదు. మెచ్చుకోలే. అదే గాబ్రియేలును ఎక్కువ బాధపెట్టింది. ఇన్నేళ్లూ గీసింది గీసినట్లు తెలియకుండా ఉండాలని పాటుపడ్డాడు. ఇప్పుడు గీయనిదాన్ని గీయలేదని చెప్పే దారి లేదు.

చివరికి దాన్ని మిషను హైస్కూల్లో లెక్కలు చెప్పే లేవికి చూపించాడు. లేవి అతని చిన్ననాటి స్నేహితుడు. లేవి కూడా మొదట అనుమానంగానే చూశాడు. తర్వాత, "ఎంత ఎత్తుంటాది?" అని అడిగాడు.

"ఏమో. శానా ఎత్తు."

"శానా అంటే లెక్క కాదు గాబ్రియేలూ. ఎంత దూరంలో దిగింది?"

అదీ తెలియదు. లేవికి ఉత్సాహం వచ్చింది. పూనాలో వాతావరణం సంగతులు చూసే ఆఫీసు ఉందని, అక్కడికి రాద్దామని అన్నాడు. ఇంగ్లీషులో తనే ఉత్తరం రాసి, ఒక ప్రింటు జత చేసి పంపాడు. నెల తిరగకుండా జవాబు వచ్చింది. లేవి దాన్ని తెలుగులో చెబుతూ చదివాడు. ఫోటో చాలా ముచ్చటగా ఉంది. అయితే ఫోటో స్టూడియోల్లో నెగటివులను దిద్దే అలవాటు ఉందని మాకు తెలుసు. దయచేసి అసలు గాజుపలకనే పంపించండి. అది దిగిన చోటు ఎంత దూరమో, దాని ఎత్తు ఎంతో, ఏ ఆధారంతో చెబుతున్నారో కూడా రాయండి.

"పూనా దాకా పోయింది నీ పెన్సిలు పేరు" అన్నాడు లేవి.

గాబ్రియేలు నవ్వలేదు. "ఎత్తు ఎట్ల కట్టేది? అది చెప్పు" అన్నాడు.

లేవి పలక తీసి, రెండు త్రికోణాలు గీశాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. లెన్సుకూ ప్లేటుకూ మధ్య ఎనిమిది అంగుళాలు. ప్లేటు మీద తొండం మూడు అంగుళాలు. కెమెరా పెట్టిన చోటు నుంచి తొండం దిగిన చోటికి ఎన్ని గజాలో తెలిస్తే, దానిలో ఎనిమిదింట మూడు వంతులు తొండం ఎత్తు. "కెమెరాలోదీ బయటిదీ ఒకే ఆకారం. వెలుతురు గీతలు సూటిగా వచ్చి, లెన్సు దగ్గర ఒకదాన్నొకటి దాటిపోతాయి. అందుకే పైది కిందికి, కిందిది పైకి" అన్నాడు. గాబ్రియేలు ఆ బొమ్మను అట్లనే కాగితం మీదికి ఎక్కించుకున్నాడు.

డిసెంబరులో మళ్లీ కంభం వెళ్లాడు. ఈసారి కెమెరా తీసుకుపోలేదు. సంచిలో ప్రింటు, స్కూలు వాళ్ల కొలత టేపు, బావి మోకు ఒకటి ఉన్నాయి.

ఈరక్క అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. ప్రింటు చేతికిస్తే ముందు తలకిందులుగా పట్టుకుని చూసింది. తర్వాత తిప్పి చూసింది. అతను త్రికోణాల బొమ్మ చూపించి, లేవి చెప్పింది చెప్పాడు.

"సూటిగా వస్తాదా వెలుతురు" అని ఆమె కాసేపు ఆలోచించింది. "సరే, అదైతే కుదురుతాండాది. మరి కెమెరా నిలబెట్టిన చోటు తెలుసునా నీకు?"

"ఈ బండ పక్కనే గదా."

"ఈ పక్క కాదు, ఆ పక్క. నీ ముక్కాలు పీట బురదలో దిగి మూడు గుంటలు పడినాయి. నేను వాటిలో రాళ్లు వేసి పెట్టినా."

నిజంగానే మూడు రాళ్లు ఉన్నాయి. ఎందుకు వేశావని అడిగితే, "మల్లా వస్తావనుకుంటి" అని మాత్రం అంది.

మహానంది గుంజలు నీళ్లలో అట్లనే ఉన్నాయి. ఊడిన చోట కొత్తది పాతలేదు. ఆ తావు మంచిది కాదని వదిలేశాడట. గాబ్రియేలు మోకును టేపుతో కొలిచి, సరిగ్గా ఎనభై గజాల దగ్గర ముడి వేశాడు. మహానంది తెప్ప మీద ముందు, అతని తోడల్లుడు ఇంకో తెప్ప మీద వెనక. కట్ట దగ్గర నుంచి మోకు బిగలాగి పట్టుకుని, ముందు తెప్ప ఆగినచోటికి వెనక తెప్ప చేరాలి. మళ్లీ బిగలాగాలి. గాబ్రియేలుకు ఈత రాదు. అయినా ముందు తెప్ప మీదనే, రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నాడు. తెప్పలు పక్కకు పోకుండా ఈరక్క కట్ట మీద మూడు రాళ్ల దగ్గర నిలబడి, చెయ్యి అటూ ఇటూ ఊపి దారి చూపించింది. ఫోటోలోని మోడులు, గుంజలు ఒకే వరుసలో కనబడే చోటు అదొక్కటే.

ఇరవై మోకులకు గుంజలు వచ్చాయి. ఊడిన గుంజ ఉండాల్సిన సందులో తెప్ప ఆగింది. నీళ్లు తేటగా, నిశ్చలంగా ఉన్నాయి. గాబ్రియేలు తల ఎత్తి పైకి చూశాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆ రోజు ఇక్కడ ఉండి ఉంటే ఏం కనిపించేదో ఊహించుకోబోయాడు గాని, ఊహ అందలేదు.

"లోపల ఎట్లుండె?" అని మహానందిని అడిగాడు.

మహానంది తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు. "లోపల అంటే, నేను లోపల లే గదా. చెవులు గుయ్యిమని మూసుకపోయినాయి. ఈలేసినట్ల శబ్దం. కండ్లు తెరిస్తే గుంజ గిర్రున తిరగతా పైకి లేస్తాండాది. మల్లా కండ్లు మూసుకుంటి."

పదహారు వందల గజాలు. ఒడ్డుకు వచ్చాక గాబ్రియేలు కాగితం మీద లెక్క కట్టాడు. ఆరు వందల గజాలు. పద్దెనిమిది వందల అడుగులు. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఈరక్క ఎదుటి కొండను చూపించి, అది ఎంత ఉంటుందని అడిగింది. తొండం దానికి రెండు మూడంతలు ఉంటుందేమోనని అతను చెబితే, ఆమె కొండ మీద ఇంకో కొండను, దాని మీద ఇంకోదాన్ని పెడుతున్నట్లు కళ్లతోనే మెల్లగా పైకి చూసుకుంటూ పోయింది.

"నీల్ల గాటు సంగతి కూడా రాస్తావా పూనాకు?" అని అడిగింది.

"రాస్తా."

"పదకొండో గాటు. పొద్దునా, సాయంత్రమూ. మేస్త్రీ బుక్కులో కూడా ఉంటాది, చూసుకోమను."

గాజుపలకను దూదిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి పోస్టులో వేసేటప్పుడు లేవి వద్దన్నాడు. దారిలో పగిలితే ఉన్న ఒక్క ఆధారమూ పోతుందని అన్నాడు. గాబ్రియేలు వినలేదు. కాగితం మీద ఏమైనా చేయవచ్చునని తనకంటే తెలిసినవాడెవరు? ఉత్తరంలో దూరం, ఎత్తు, మోకుతో కొలిచిన తీరు, మహానంది చూసింది, ఈరక్క చెప్పిన గాటు, వాళ్ల పేర్లతో సహా అన్నీ రాయించాడు. జనవరి గడిచింది, ఫిబ్రవరి గడిచింది. పోస్టు జవాను వీధి మలుపు తిరిగిన ప్రతిసారీ గాబ్రియేలు చేతిలోని పెన్సిలు ఆగేది. ముందు గదిలోని ఫోటోను తీసి, గోడకు తిప్పి పెట్టాడు.

మార్చి రెండో వారంలో పెట్టె తిరిగి వచ్చింది. ప్లేటు పగల్లేదు. ఉత్తరం రెండు పేజీలు. లేవి మొదటి పేజీ చదివి, స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు. నెగటివును భూతద్దంతో పరీక్షించాం, ఎక్కడా చెయ్యి పెట్టలేదు. మీరు కట్టిన ఎత్తు ఆ రోజు మబ్బు ఉండదగిన ఎత్తుకు సరిపోతోంది. చెరువు మీద ఇలాంటిది ఇంత స్పష్టంగా ఫోటోలో దొరకడం అరుదు. మా కాగితాలలో మీ ముగ్గురి పేర్లతో చేర్చుకుంటున్నాం.

రెండో పేజీ ఈరక్క గురించి. నీటిమట్టం దిగలేదన్న మాట మాకు అన్నిటికంటే విలువైనది, అని రాశారు. ఇలాంటప్పుడు పైకి లేచేది అడుగున కొద్దిపాటి తుంపర మాత్రమే. తొండంగా కనిపించేది చాలావరకు చెరువు నీరు కాదు. గాలిలోని తేమే ఆ సుడిలో చల్లబడి, మబ్బులాగే సన్నటి బిందువులై కనబడుతుంది. ఆ మట్టం చూసినవారు ఎంతకాలంగా చూస్తున్నారు, ఏం చదువుకున్నారు?

ఏప్రిల్లో ఒక ఆదివారం గాబ్రియేలు ఆ ఉత్తరం జేబులో పెట్టుకొని కంభం చేరాడు. చెరువు సగానికి సగం ఇంకిపోయింది. తూము దగ్గర బంకమట్టి పగుళ్లు విచ్చింది. దూరంగా, నీళ్లు వెనక్కి తగ్గిన చోట, తెల్లటి నేల ఎండకు మెరుస్తోంది. ఈరక్క కట్ట నీడలో కూర్చుని ఉంది. పక్కన భర్త చేతికర్ర ఆనించుకుని వింటుంటే, గాబ్రియేలు ఉత్తరంలోని సంగతులన్నీ చెప్పాడు.

"గాలిలో తడా" అంది ఆమె. "అంటే పైనుంచే దిగినాది, కిందినుంచి లేయలే. నేను అనుకున్యా. మహానందికి చెప్పాల." తర్వాత, "చదువుకున్యావా అని ఎందుకు అడిగినారు?" అంది.

"నువ్వు చెప్పింది వాళ్లకు శానా పనికొచ్చిందంట. అందుకు."

"చదువు లేదని రాయి. ముప్పై ఏండ్లుగా చూస్తాండాదని రాయి." ఆమె కొంగు ముడి మీద చెయ్యి వేసింది. "ఇంకోటి కూడా అడగాల వాళ్లను. రాస్తావా?"

ఆమె చీర కొంగు ముడి విప్పింది. లోపల రెండు రకాల గులకరాళ్లు ఉన్నాయి, నల్లవి, ఎర్రవి. చెరువు ఎండిన నేల మీద మిట్టమధ్యాహ్నం సుడిగాలులు లేస్తున్నాయని, తొండాన్ని చూసినప్పటి నుంచి వాటిని గమనిస్తున్నానని చెప్పింది. కొన్ని తిరగలి తిప్పినట్లు కుడికి తిరుగుతాయి. కొన్ని ఎడమకు. కుడికి తిరిగితే నల్లరాయి, ఎడమకు తిరిగితే ఎర్రరాయి. ఇప్పటికి నల్లవి పద్నాలుగు, ఎర్రవి పదకొండు.

"ఒకే గాలి, ఒకే నేల. ఒకటి అట్ల, ఒకటి ఇట్ల ఎందుకు తిరగతాయి? దుమ్ము గదా, అది యాడ నేర్చుకున్యాది?"

గాబ్రియేలు జేబులోంచి కాగితం తీశాడు. ఆ రోజు తొండం ఎటు తిరిగిందో తను గమనించలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోటోలో అది కదలకుండా నిలబడి ఉంటుంది, చెప్పదు. ఆమెను అడిగాడు. ఆమెకూ తెలియదు. ఇద్దరూ కాసేపు దాని గురించి బాధపడ్డారు.

"అదిగో" అన్నాడు ఈరక్క భర్త హఠాత్తుగా, తల ఒక పక్కకు వంచి. అతనికి కనిపించదు గాని, ఎండుటాకులు నేల మీద గీసుకుంటూ పోయే చప్పుడు ముందుగా వినిపించింది. దూరంగా తెల్లనేల మీద దుమ్ము లేచి, సన్నటి కంబంలా పెరుగుతూ వాళ్ల వైపు వస్తోంది. గాబ్రియేలు లేచి నిలబడ్డాడు. ఈరక్క ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎటు?" అన్నాడు ఆమె భర్త.

"ఉండు, దగ్గరికి రానీ" అంది ఈరక్క.